తల్లి పెట్టిన ముద్ద - సముద్ర పక్షులు, మన ప్లాస్టిక్

తల్లి అన్నం కలిపి, ముద్ద చేసి, బిడ్డ నోటికి అందిస్తుంది. ఆ ముద్దలో ఏముందని బిడ్డ అడగదు. అడగవలసిన పనీ లేదు. అమ్మ పెట్టింది కనుక అది మంచిదే. ఈ లోకంలో ఇంతకంటే గట్టి నమ్మకం మరొకటి ఉందా? ఆ నమ్మకమే బిడ్డ ప్రాణం మీదికి వస్తే ఏమనుకోవాలి? తల్లి తెలియక, ప్రేమతోనే, తినరానిదాన్ని తెచ్చి బిడ్డ నోట పెడితే ఆ తప్పు ఎవరిది?

ఈ వారం మన పాఠం అలాంటి తల్లులను గూర్చి. అవి సముద్రం మీద బ్రతికే పక్షులు. అవి తమ పిల్లల నోట పెడుతున్న ఆ వస్తువును మాత్రం పక్షులు చేయలేదు, సముద్రం చేయలేదు. మనుషులు చేశారు. దాని పేరు ప్లాస్టిక్. కొంచెం ఓపికతో, ఒక్కొక్క మెట్టుగా ఈ విషయాన్ని తెలుసుకుందాం.

1. నడి సముద్రంలో ఒక దీవి

పసిఫిక్ మహాసముద్రపు ఉత్తర భాగంలో మిడ్‌వే అనే చిన్న పగడపు దీవులున్నాయి. పేరుకు తగినట్లు అవి అమెరికాకూ ఆసియాకూ నడుమ ఉంటాయి. హవాయి దీవులలోని హోనొలులు పట్టణం నుండి వాయవ్య దిశగా సుమారు 2,000 కిలోమీటర్లు పోవాలి. 1942లో రెండవ ప్రపంచ యుద్ధపు గొప్ప నౌకా సమరం ఒకటి ఈ దీవుల దగ్గరే జరిగింది. నేడు అది పక్షుల రాజ్యం. 2006 నుండి ఆ సముద్ర ప్రాంతమంతా ప్రత్యేక రక్షణలో ఉంది. పక్షులను కాపాడే కొద్దిమంది ఉద్యోగులు తప్ప అక్కడ జనం లేరు. ఫ్యాక్టరీలు లేవు, బజార్లు లేవు.

లేసాన్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షులు ఏటేటా లక్షల సంఖ్యలో అక్కడికి వచ్చి గుడ్లు పెడతాయి. ప్రపంచంలో ఈ జాతి పక్షులు అన్నిటికంటే ఎక్కువగా కూడేది అక్కడే. రెక్కలు చాచితే ఈ చివర నుండి ఆ చివరకు సుమారు 2 మీటర్లు. ఒకసారి జత కట్టిన పక్షులు సాధారణంగా ఏళ్ళ తరబడి విడిపోవు. ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. తల్లీ తండ్రీ వంతులవారీగా సుమారు రెండు నెలలు పొదుగుతాయి. పిల్ల పుట్టిన తరువాత మరో అయిదారు నెలలు ఆ ఒక్క బిడ్డ కొరకు వేల కిలోమీటర్లు ఎగిరి, సముద్రం మీద ఆహారం ఏరి, కడుపులో దాచుకొని తెచ్చి, బిడ్డ నోట్లోకి కక్కి తినిపిస్తాయి.

వీటి ఆయుష్షు కూడా పెద్దది. 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రజ్ఞుడు మిడ్‌వేలో ఒక ఆడ పక్షి కాలికి గుర్తు ఉంగరం వేశాడు. అప్పటికే అది గుడ్లు పెట్టే వయసులో ఉంది. ఆ పక్షికి తరువాత ‘విజ్‌డమ్’ అని పేరు పెట్టారు. 2024 చివరలో, అంటే దానికి 74 ఏళ్ళు ఉంటాయని అంచనా వేసిన సమయంలో, అది మళ్ళీ వచ్చి గుడ్డు పెట్టింది. మన ఇళ్ళలోని అమ్మమ్మల వయసన్నమాట! ఆ పక్షి మొదటిసారి ఆహారం వెదికిన రోజులలో సముద్రంలో తేలే ప్లాస్టిక్ దాదాపు లేదు. ఈనాడు దాని ముక్కు క్రింద తేలుతున్నది వేరే సముద్రం. ఒక్క పక్షి జీవిత కాలంలోనే ఇంత మార్పు వచ్చింది.

1966లో అదే ద్వీపమాలకు చెందిన మరో దిబ్బ మీద చనిపోయి పడి ఉన్న ఆల్బట్రాస్ పిల్లలను ఇద్దరు పరిశోధకులు కోసి చూశారు. వాటిలో ఎక్కువ భాగం పిల్లల కడుపుల్లో అప్పటికే ప్లాస్టిక్ ఉంది. 1969లో ఈ సంగతి అచ్చయింది. చదివినవారు తక్కువ, పట్టించుకున్నవారు ఇంకా తక్కువ. నలభై ఏళ్ళ తరువాత, 2009లో, క్రిస్ జోర్డాన్ అనే ఛాయాగ్రాహకుడు మిడ్‌వేలో తీసిన ఫొటోలు లోకమంతా చూసింది. పిల్ల పక్షి ఒళ్ళు కుళ్ళి మట్టిలో కలిసిపోయింది. ఎముకల మధ్య, కడుపు ఉండవలసిన చోట, రంగురంగుల సీసా మూతలు, సిగరెట్ లైటర్లు, విరిగిన ముక్కలు కుప్పగా ఉన్నాయి. శరీరం పోయింది, ప్లాస్టిక్ మిగిలింది. తల్లిదండ్రులు ఏటా మిడ్‌వే పిల్లలకు తెలియక తినిపించే ప్లాస్టిక్ సుమారు 5 టన్నులుంటుందని అమెరికా వన్యప్రాణి శాఖ అంచనా.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అంగడి లేని దీవికి సీసా మూత ఎలా వచ్చింది? తల్లి పక్షి మోసుకొచ్చింది. తల్లికి ఎక్కడ దొరికింది? సముద్రంలో. సముద్రానికి ఎవరిచ్చారు?

2. పక్షి ఎందుకు మోసపోతుంది?

‘పక్షికి ఆ మాత్రం తెలివి లేదా? మూతకూ చేపకూ తేడా తెలియదా?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మూడు భాగాలు.

మొదటిది, అలవాటు. ఆల్బట్రాస్ నీటిలో లోతుకు మునిగి వేటాడే పక్షి కాదు. నీటి పైన తేలే దాన్ని ముక్కుతో అందుకుంటుంది. స్క్విడ్ అనే మెత్తని సముద్ర జీవి, ఎగిరే చేపల గుడ్లు దానికి ఇష్టమైన ఆహారం. ఎగిరే చేపలు తమ గుడ్ల దండలను తేలే వస్తువులకే అంటిస్తాయి. పూర్వం అవి కర్ర ముక్కలు, నాచు. ఇప్పుడు అవే గుడ్లు ప్లాస్టిక్ ముక్కకూ అంటుకొని ఉంటాయి. పక్షి గుడ్లను మింగుతూ ఆ ముక్కనూ మింగుతుంది. లక్షల ఏళ్ళుగా ‘తేలేది తినదగినదే’ అనే సూత్రం ఆ జాతిని బ్రతికించింది. సూత్రం తప్పు కాదు. సముద్రమే మారిపోయింది.

రెండవది, చూపు. చిన్న చిన్న ముక్కలు, పలుచని సంచులు నీటిలో ఊగుతుంటే జీవమున్నట్లే కనబడతాయి.

మూడవది వాసన. దీన్ని కొంచెం వివరంగా చూద్దాం. సముద్రంలో కంటికి కనబడనంత చిన్న నాచు మొక్కలుంటాయి. రొయ్యల వంటి చిన్న జీవులు వాటిని మేసేటప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు వెలువడుతుంది. కొన్ని జాతుల సముద్ర పక్షులు ఎంతో దూరం నుండి ఆ వాసన పట్టి ‘అక్కడ భోజనం ఉంది’ అని గ్రహిస్తాయి. 2016లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు మూడు రకాల ప్లాస్టిక్ పూసలను సముద్రంలో ఉంచి చూశారు. నెల తిరగకముందే వాటి మీద నాచు పట్టి, అదే వాసన రాసాగింది. ఆ వాసనను బట్టి ఆహారం వెదికే జాతులు, అలా వెదకని జాతుల కంటే సుమారు 5 రెట్లు ఎక్కువగా ప్లాస్టిక్ తింటున్నట్లు కూడా వారు గమనించారు.

అంటే పక్షి తెలివితక్కువతో మోసపోవడం లేదు. మన చెత్తే అన్నం వాసన వేస్తోంది.

3. కడుపులో ఏమి జరుగుతుంది?

అమ్మలకూ, ఉపాధ్యాయులకూ ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఒక గ్లాసు తీసుకోండి. దాని నిండా బియ్యం పోసి, అది ఎన్ని గుప్పిళ్ళు పట్టిందో లెక్కబెట్టండి. బియ్యం తీసేసి, అదే గ్లాసులో పది సీసా మూతలు వేయండి. ఇప్పుడు మళ్ళీ బియ్యం పోయండి. ఎన్ని గుప్పిళ్ళు పట్టింది? పిల్లలకు వేరే ఉపన్యాసం అక్కరలేదు. పిల్ల పక్షి కడుపు ఆ గ్లాసు వంటిదే. మూతలు అరగవు. కడుపు నిండినట్లే ఉంటుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. పెద్ద పక్షులు అరగని స్క్విడ్ ముక్కుల వంటివాటిని బయటికి కక్కగలవు. పిల్లలు మాత్రం ఎగిరే వయసు దగ్గర పడేదాకా అలా కక్కలేవు.

ఇది మొదటి హాని. రెండవది అడ్డం పడటం. మెత్తని సంచి ముక్కగాని, రబ్బరు ముక్కగాని కడుపు నుండి ప్రేగులోకి పోయే ఇరుకు దారిలో ఇరుక్కుంటే, ఎంత తిన్నా ముందుకు పోదు. పదునైన ముక్కలైతే లోపలి గోడను కోస్తాయి.

మూడవ హాని ఇటీవలే బయటపడింది. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలో లార్డ్ హౌ అనే దీవి ఉంది. అక్కడ షియర్‌వాటర్ అనే పక్షులు నేలలో బొరియలు చేసుకొని పిల్లలను పెంచుతాయి. జెన్నిఫర్ లావర్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు చాలా ఏళ్ళుగా ఆ పిల్లలను పరిశీలిస్తున్నారు. 2011లో ఒకే ఒక్క పిల్ల కడుపులో 276 ప్లాస్టిక్ ముక్కలు దొరికాయి. 2023లో ఆ బృందం ఒక కొత్త జబ్బును ప్రకటించింది. దానికి వారు పెట్టిన పేరు ‘ప్లాస్టికోసిస్’.

రాళ్ళ క్వారీలలో దుమ్ము పీల్చి పీల్చి కూలీల ఊపిరితిత్తులు గట్టిపడిపోయే సిలికోసిస్ జబ్బు గూర్చి మీరు విని ఉంటారు. ఇదీ అటువంటిదే. ప్లాస్టిక్ ముక్కలు కడుపు గోడను రాపాడుతూ ఉంటాయి. పుండు పడుతుంది, మానుతుంది, మళ్ళీ పడుతుంది. క్రమంగా ఆ చోట మెత్తని కండకు బదులు గట్టి మచ్చ కట్టిన కండ ఏర్పడుతుంది. అరుగుదల రసాలను ఊరించే గ్రంథులు దెబ్బతింటాయి. ఈ పక్షులు అగ్నిపర్వతాల నుండి వచ్చి తేలే తేలికరాళ్ళను కూడా మింగుతాయి. ఆ రాళ్ళ వలన మాత్రం ఇటువంటి మచ్చలు కనబడలేదు. రాయి చేయని కీడు ప్లాస్టిక్ చేసింది.

2019లో అదే దీవిలో చేసిన మరో పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లల రక్తాన్ని పరీక్షించారు. ప్లాస్టిక్ తిన్న పిల్లల రక్తంలో కాల్షియం తక్కువ, కొలెస్టరాల్, యూరిక్ యాసిడ్ ఎక్కువ. రెక్కల పొడవు, ఒంటి బరువు కూడా తగ్గాయి. చావలేదు కనుక క్షేమమే అనుకోవడానికి వీలు లేదన్నమాట. అలా బలహీనపడిన పిల్ల తొలిసారి సముద్రం మీదికి ఎగిరి, తన ఆహారం తానే వెదుక్కోవాలి. అది ఎక్కడ ఓడిపోయి పడిపోయిందో చూసేవారు ఎవరుంటారు?

నాలుగవది విషం. ప్లాస్టిక్ తయారీలో నిప్పు అంటకుండా, రంగు పోకుండా రకరకాల రసాయనాలు కలుపుతారు. పైగా నీటిలో తేలే ప్లాస్టిక్ చుట్టుపక్కల ఉన్న విషాలను స్పాంజివలె పీల్చుకుంటుంది. 2001లో జపాను శాస్త్రజ్ఞులు సముద్రంలో ఉంచిన ప్లాస్టిక్ గుళికలను పరీక్షించగా, చుట్టూ ఉన్న నీటికంటే పది లక్షల రెట్ల వరకు ఎక్కువ గాఢతలో విషాలు వాటిపై చేరినట్లు తేలింది. 2013లో ప్రచురించిన మరో పరిశోధనలో 12 షియర్‌వాటర్ పక్షుల కొవ్వును చూశారు. అందులో మూడింటి కొవ్వులో, అవి తినే చేపలలో లేని రసాయనాలు దొరికాయి. అవే రసాయనాలు ఆ మూడు పక్షుల కడుపులోని ప్లాస్టిక్‌లో ఉన్నాయి. కడుపులోని ముక్క కడుపులోనే ఉండిపోక, దాని విషం ఒంట్లోకి దిగుతున్నదని ఇది ఒక సాక్ష్యం.

4. ఎంత తింటే ప్రమాదం?

ఆస్ట్రేలియాకు చెందిన లారెన్ రోమన్ బృందం 51 జాతులకు చెందిన 1,733 చనిపోయిన సముద్ర పక్షులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. ప్రతి మూడు పక్షులలో దాదాపు ఒకదాని కడుపులో చెత్త ఉంది. ఒక్క ముక్క మింగిన పక్షి దాని వలన చనిపోయే అవకాశం సుమారు 20 శాతం. తొమ్మిది ముక్కలైతే 50 శాతం. 93 ముక్కలైతే చావు తప్పదు.

ఇక్కడ మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పక్షులు మింగిన ముక్కలలో మెత్తనివి నూటికి 5 మాత్రమే. కాని చెత్త వలన కలిగిన చావులలో 40 శాతానికి పైగా ఆ మెత్తనివాటి వలననే. అన్నిటికంటే ప్రాణాంతకమైనది బెలూన్. గట్టి ప్లాస్టిక్ ముక్క మింగితే కలిగే ప్రమాదం కంటే బెలూన్ ముక్క మింగితే చనిపోయే ప్రమాదం 32 రెట్లు. వార్షికోత్సవాలలోనూ, ప్రారంభోత్సవాలలోనూ మనం చప్పట్లు కొడుతూ ఆకాశంలోకి వదిలే బెలూన్లు ఎక్కడికి పోతాయని ఎప్పుడైనా అనుకున్నామా? పైకి పోయినదంతా క్రిందికి రావలసిందే. సముద్ర తీరపు ఊళ్ళలో అది నీటిమీదనే రావచ్చు.

5. గూటిలో చుట్టుకున్న ఉరి

మింగడం ఒక్కటే కాదు, చిక్కుకోవడం కూడా ఉంది. వేల్స్ దేశపు తీరంలో గ్రాస్‌హోమ్ అనే చిన్న దీవి మీద గానెట్ అనే తెల్లని పక్షులు వేల సంఖ్యలో గూళ్ళు కడతాయి. సముద్రపు నాచు ఏరి తెచ్చి గూటికి పరుపు వేసుకోవడం వాటి అలవాటు. ఇప్పుడు నాచుతోపాటు నైలాను త్రాళ్ళు, వల ముక్కలు దొరుకుతున్నాయి. 2011లో ప్రచురించిన పరిశీలన ప్రకారం సగటున ఒక్కొక్క గూటిలో 470 గ్రాముల ప్లాస్టిక్ ఉంది. దీవి మొత్తం మీద 18 టన్నులకు పైగా. ఏటా సగటున 63 పక్షులు ఆ త్రాళ్ళలో చిక్కుకొని కనబడేవి. వాటిలో ఎక్కువ భాగం పిల్లలు. ఎగిరే రోజు వచ్చినప్పుడు తోటి పిల్లలన్నీ ఎగిరిపోతాయి. కాలికి త్రాడు చుట్టుకున్న పిల్ల గూటిలోనే ఆకలితో చనిపోతుంది. తల్లి మెత్తగా ఉంటుందని పరచిన పరుపే బిడ్డకు ఉరి అయింది.

పూర్వం వలలు నూలుతో, జనపనారతో అల్లేవారు. తెగిన ముక్క నీటిలో కొన్నాళ్ళకు కుళ్ళిపోయేది. నైలాను వల బలమైనది, చవకైనది. జాలరికి అది మేలే చేసింది. కాని తెగిన నైలాను ముక్క ఏళ్ళ తరబడి కుళ్ళదు. మేలు చేసిన గుణమే కీడూ చేస్తోంది. ప్లాస్టిక్ కథ అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

6. ఒక సందేహం

పాఠం చెప్పేవారు నిజాన్ని పెంచి చెప్పకూడదు. కనుక ఒక సందేహాన్ని ఇక్కడే తీర్చుకుందాం. చనిపోయిన పిల్ల కడుపులో ప్లాస్టిక్ ఉన్నంత మాత్రాన అది ప్లాస్టిక్ వలననే చనిపోయిందని చెప్పలేము. మిడ్‌వేలోనే పాత సైనిక భవనాల గోడల నుండి రాలిన సీసపు రంగు పెచ్చులు తిని ఎన్నో పిల్లలు చనిపోయాయి. తరువాత ఆ రంగును తొలగించారు. ప్రపంచమంతటా సముద్ర పక్షులకు ఉన్న ప్రమాదాలను సమీక్షించి 2019లో శాస్త్రజ్ఞులు మూడింటిని ముందు వరుసలో పెట్టారు. దీవుల మీదికి మనుషులతోపాటు చేరిన ఎలుకలు, పిల్లులు ఒకటి. చేపల గాలాలకూ వలలకూ చిక్కి మునిగిపోవడం రెండు. వాతావరణ మార్పు మూడు.

అయితే ప్లాస్టిక్‌ను గూర్చి దిగులు పడనక్కరలేదా? అలా కాదు. ఇప్పటికే మూడు బరువులు మోస్తున్న వాని నెత్తిన నాలుగవది పెడితే అది చిన్నదైనా కూలదోస్తుంది. పైగా ఈ నాలుగవది ఏటేటా పెరుగుతోంది. 1962 నుండి 2012 వరకు జరిగిన పరిశోధనలన్నీ పోగుచేసి చూస్తే, పరీక్షించిన 135 జాతులలో 80 జాతులు ప్లాస్టిక్ తిన్నట్లు తేలింది. పద్ధతి ఇలాగే సాగితే 2050 నాటికి సముద్ర పక్షి జాతులలో 99 శాతం ప్లాస్టిక్ తింటాయని 2015లో ఒక శాస్త్రజ్ఞుల బృందం లెక్కగట్టింది. ఇది జోస్యం కాదు. ‘ఇలాగే సాగితే’ అన్న షరతు అందులో ఉంది. ఆ షరతు మన చేతిలో ఉంది.

7. ఉత్తర సముద్రం చెప్పిన మంచి కబురు

ఐరోపాలోని ఉత్తర సముద్రం చుట్టుపక్కల ఫుల్మార్ అనే పక్షి ఉంది. డచ్చి శాస్త్రజ్ఞుడు యాన్ ఆండ్రీస్ వాన్ ఫ్రానెకర్ దశాబ్దాల తరబడి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చనిపోయిన ఫుల్మార్‌ల కడుపులను పరీక్షించాడు. 2003 నుండి 2007 వరకు చూసిన 1,295 పక్షులలో 95 శాతం కడుపుల్లో ప్లాస్టిక్ ఉంది. సగటున 35 ముక్కలు. చుట్టుపక్కల దేశాలు ఆ పక్షి కడుపునే సముద్రపు ఆరోగ్యానికి కొలబద్దగా పెట్టుకున్నాయి. 0.1 గ్రాము కంటే ఎక్కువ ప్లాస్టిక్ ఉన్న పక్షులు నూటికి పదికి మించకూడదన్నది వారి గురి. ఆనాడు 58 శాతం పక్షులు ఆ హద్దు దాటి ఉన్నాయి.

మరి మంచి కబురు ఏది? ప్లాస్టిక్ వస్తువులు చేయడానికి ముడిసరుకుగా వాడే చిన్న గుళికలు కూడా ఆ కడుపుల్లో దొరికేవి. 1980లలో ఉన్నదానితో పోలిస్తే, పాతికేళ్ళలో ఆ గుళికల పాలు సుమారు సగానికి తగ్గింది. కర్మాగారాలలో, రవాణాలో జాగ్రత్త పెరిగితే పక్షి కడుపులో కూడా తేడా కనబడుతుంది. అంటే సముద్రం మన తప్పును మాత్రమే కాదు, మన దిద్దుబాటును కూడా గుర్తిస్తుంది.

జాగ్రత్త తప్పితే ఏమవుతుందో కూడా మన పొరుగునే చూశాము. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పర్ల్ అనే ఓడ కాలి మునిగిపోయింది. వందల టన్నుల గుళికలు శ్రీలంక తీరమంతా మంచువలె పేరుకున్నాయి. 2025 మే నెలలో కేరళ తీరంలో మరో సరుకు ఓడ మునిగినప్పుడు అవే గుళికలు కేరళ, తమిళనాడు ఒడ్డులకు కొట్టుకొచ్చాయి. చేప గుడ్డంత గుళిక అది. పక్షికి ఇంకెలా కనబడుతుంది?

8. మన వీధి కాలువ నుండి

‘ఇదంతా ఎక్కడో జరుగుతోంది, మనకేమిటి?’ అనవద్దు. 2010లో ఒక్క సంవత్సరంలో భూమి మీద నుండి సముద్రాలలో చేరిన ప్లాస్టిక్ 48 లక్షల టన్నుల నుండి 127 లక్షల టన్నుల వరకు ఉంటుందని అంచనా వేశారు. అది ఓడల నుండి పడినది కాదు. తీర దేశాల ఇళ్ళ నుండి, వీధుల నుండి పోయినది. మన దేశం వాటిలో ఒకటి. పాల ప్యాకెట్టు కోసిన మూల ముక్క, షాంపూ పొట్లం, టీ కప్పు వీధి కాలువలో పడతాయి. వానకు కాలువ పొంగి పంట కాలువలో, ఏటిలో కలుస్తుంది. ఏరు గోదావరినో, కృష్ణనో, పెన్నానో చేరుతుంది. నది సముద్రాన్ని చేరుతుంది. నది ఏదీ దాచుకోదు, ఇచ్చినదంతా తీసుకుపోయి అప్పజెబుతుంది.

మన ప్రభుత్వం 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించింది. స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, బెలూన్లకు కట్టే ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి డబ్బాలకు చుట్టే పలుచని కాగితం ఆ జాబితాలో ఉన్నాయి. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పలుచని చేతిసంచులకు కూడా అనుమతి లేదు. చట్టం కాగితం మీద ఉంటుంది. సంచి మన చేతిలో ఉంటుంది. అంగడికి పోయేటప్పుడు గుడ్డసంచి తీసుకుపోవడం మన అమ్మమ్మలకు చట్టం నేర్పలేదు.

మనం చేయగలిగినవి కష్టమైనవి కావు. పండుగ భోజనాలకూ, పెళ్ళి విందులకూ అరిటాకు, విస్తరాకు ఉన్నాయి, స్టీలు గ్లాసులున్నాయి. బెలూన్లను గాలిలోకి వదలడం మానవచ్చు. ప్యాకెట్టు మూల కోసేటప్పుడు ముక్క ఊడిపోకుండా కోయవచ్చు. తీరంలోని సోదరులు తెగిన వల ముక్కలను నీటిలో వేయక ఒడ్డుకు తెచ్చి ఒకచోట పోగుచేయవచ్చు. ఊరిలో వాటిని తీసుకునే ఏర్పాటు లేకపోతే, ఆ ఏర్పాటు చేయమని పంచాయతీని అడగడం కూడా మన పనే. ఇంటి పని ఇంట్లోనే చేయాలి, ఊరి పని ఊరంతా కలిసి చేయాలి, ఫ్యాక్టరీ పని ఫ్యాక్టరీ చేత చేయించాలి. ఒకరి పని మరొకరి మీద నెట్టివేస్తే ఏదీ జరగదు.

చివరిగా మొదటి ప్రశ్నకు వద్దాం. తల్లి తెలియక పెట్టిన ముద్ద బిడ్డ ప్రాణం తీస్తే తప్పు ఎవరిది? తల్లిది కాదు, ఆమెకు తెలియదు. బిడ్డది అసలే కాదు. తెలిసినవారు ఒక్కరే ఉన్నారు. ఈ పాఠం చదివిన తరువాత, ప్రియ పాఠకులారా, ఆ తెలిసినవారిలో మీరూ నేనూ ఉన్నాము.

ఇంటిలో, బడిలో కలిసి ఆలోచించుటకు:

1. జనం లేని మిడ్‌వే దీవికి సీసా మూత చేరిన దారిని, మీ వీధి కాలువ నుండి మొదలుపెట్టి చెప్పండి.

2. ‘పక్షికి తెలివి లేదు’ అనేవారికి మీరేమి జవాబు చెబుతారు? కనీసం రెండు కారణాలు చూపండి.

3. గట్టి ముక్కల కంటే మెత్తనివి ఎందుకు ఎక్కువ ప్రమాదం? మీ ఇంట్లో ఈ వారం పారవేసిన మెత్తని ప్లాస్టిక్ ఎంతో లెక్కబెట్టండి.

4. ఫుల్మార్ పక్షి కడుపులో గుళికలు తగ్గాయన్న సంగతి మనకు ఏ ధైర్యం ఇస్తుంది?

5. ఈ నెలలో మీ ఊరిలో జరగబోయే ఒక విందును తీసుకోండి. అందులో ఒక్క ప్లాస్టిక్ వస్తువు కూడా లేకుండా చేయాలంటే ఎవరెవరితో మాట్లాడాలి? ముందుగా ఎవరు మాట్లాడతారు?